జవాబు నెట్‌లో దొరకని ప్రశ్న

పలాస, టెక్కలి, రాజాం, బొబ్బిలి, ఏ ఊరైనా సరే, హైస్కూలు పక్కనున్న జిరాక్సు షాపుకి వెళ్ళి "ఇంగ్లీషు ప్రాజెక్టు" అనండి. ఇంకేమీ చెప్పనక్కర్లేదు. తాజ్‌మహలా, గ్లోబల్ వార్మింగా, అబ్దుల్ కలామా అని అడిగి, నాలుగు పేజీలు ప్రింటు తీసి, రంగుల అట్ట వేసి, స్పైరల్ బైండింగు చేసి చేతిలో పెడతారు. ఆ నాలుగు పేజీల్లో ఒక్క పేరా పైకి చదవమంటే పిల్లవాడు చదవలేడు. చదవమని అడిగేవాళ్ళూ తక్కువే. మార్కులు మాత్రం పడిపోతాయి.

దీన్ని పిల్లల బద్ధకం కింద జమ కట్టడం అన్యాయం. తప్పు ప్రశ్నలో ఉంది. జవాబు మంచి ఇంగ్లీషులో, తయారుగా, ఉచితంగా దొరుకుతుంటే, పద్నాలుగేళ్ళ పిల్లవాడు దాన్ని పక్కనపెట్టి తన వచ్చీరాని ఇంగ్లీషులో ఎందుకు రాస్తాడు? ఆ స్థానంలో ఉంటే మనమూ రాయం. అందుకని, వెబ్ ప్రాజెక్టులతో ఇంగ్లీషు నేర్పాలనుకునే టీచర్లకు నేను చెప్పేది ఒక్కటే. ప్రాజెక్టు ప్రశ్నకు జవాబు నెట్‌లో దొరకకూడదు, ఊళ్ళో దొరకాలి. ఆ జవాబును ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి నెట్ పనికిరావాలి. రాసింది పదిమందికీ చేరడానికి మళ్ళీ నెట్టే కావాలి.

ఈ రకం పనికి ఒక పాత చట్రం ఉంది. 1995లో అమెరికాలోని శాన్‌డియాగో స్టేట్ యూనివర్సిటీలో బెర్నీ డాడ్జ్ "వెబ్‌క్వెస్ట్" అనే పద్ధతికి రూపమిచ్చారు. టామ్ మార్చ్ ఆయనతో కలిసి పనిచేశారు. పరిచయం, చేయవలసిన పని, చేసే క్రమం, చదవవలసిన లింకులు, మార్కులు వేసే తీరు, ముగింపు అని అందులో భాగాలు. లింకులు టీచరే ముందుగా ఏరి పెడతారు. పిల్లల సమయం వెతకడంలో పోకూడదు, దొరికినదాన్ని వాడుకోవడంలో గడవాలి అన్నది దాని ప్రాణం. ఇది చాలా మంచి సూత్రం. ముఖ్యంగా ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్లల్ని గూగుల్ ముందు వదిలేస్తే, మొదటి పేజీలో వచ్చిన పది ఫలితాల్లో ఏది తమ స్థాయిదో తేల్చుకోవడానికే పీరియడ్ అయిపోతుంది. కాకపోతే వెబ్‌క్వెస్టు పుట్టినప్పుడు కాపీ చేయడం ఇంత సులువు కాదు, అడిగిందే తడవుగా వ్యాసం రాసిచ్చే చాట్‌బాట్లూ లేవు. చట్రాన్ని ఉంచుకుని, లోపలి సరుకు మార్చుకోవాలి.

సరుకంటే ఏమిటో ఒక్క ప్రాజెక్టును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పు తీసుకుందాం. పలాస-కాశీబుగ్గలోనూ ఉద్దానం ఊళ్ళలోనూ చదివే పిల్లల్లో చాలామందికి ఇంట్లోనో వీధిలోనో జీడి పనిచేసేవాళ్ళు ఉంటారు. పిక్క ఎలా పప్పవుతుందో వాళ్ళ కళ్ళముందే జరుగుతుంది. ఆ పనిని తొమ్మిది అంచెలుగా విడదీయండి: పిక్కల్ని ఆవిరి మీద ఉడకబెట్టడం, చల్లార్చడం, కొట్టడం, పప్పును బొర్మా అనే వేడి పెట్టెలో ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడు చేయడం, తూచడం, ప్యాక్ చేయడం, అమ్మడం. 36 మంది క్లాసయితే నలుగురేసి తొమ్మిది జట్లు, జట్టుకో అంచె. ఒక్కో జట్టు ఇవ్వవలసింది 120 మాటల ఇంగ్లీషు, రెండు ఫొటోలు, ఒక నిమిషం ఆడియో. అవన్నీ కలిసి నెట్‌లో ఒక పేజీ అవుతాయి. అంతకు మించి అడగొద్దు. 500 మాటలు అడిగిన రోజున పిల్లలు మళ్ళీ జిరాక్సు షాపు దారి పడతారు.

ఇప్పుడు అసలు భాష సంగతి. మన మాటలో "పిక్కల్ని ఉడకబెడతారు, ఆరబెడతారు, కొడతారు" అంటాం. ఎవరు? చెప్పం, చెప్పనక్కర్లేదు, "తారు"లోనే అంతా ఇమిడిపోయింది. ఇంగ్లీషులో ఆ ఖాళీ కుదరదు. అక్కడే పిల్లలు మూడు రకాలుగా జారిపోతారు. ఒకరు "స్టీమ్ ది నట్స్" అని రాస్తారు, అది వంటల పుస్తకంలో ఆజ్ఞ అవుతుంది. ఇంకొకరు "ది నట్స్ ఆర్ స్టీమింగ్" అంటారు, పిక్కలే పొగలు కక్కుతున్నాయన్న అర్థం వస్తుంది. మూడోవాళ్ళు "దే ఆర్ స్టీమింగ్ ది నట్స్" అంటారు, ఇప్పుడే, కళ్ళముందు, ఎవరో కొందరు చేస్తున్నట్టు ఉంటుంది. ఈ మూడూ బోర్డు మీద పక్కపక్కన రాసి, మన "తారు"కి ఇంగ్లీషులో సరైన జోడీ "ది నట్స్ ఆర్ స్టీమ్డ్" అని చూపించినప్పుడు, పాసివ్ వాయిస్ ఎందుకు పుట్టిందో పిల్లలకు మొదటిసారి అర్థమవుతుంది. "రామా కిల్డ్ రావణా"ని తిప్పి రాయించే అభ్యాసంతో ఏళ్ళు గడిచినా ఆ సంగతి తెలియదు, ఎందుకంటే అక్కడ చంపినవాడెవరో తెలుసు కాబట్టి ఆ వాక్యాన్ని తిప్పవలసిన అవసరమే కనబడదు. జీడి షెడ్డులో ఎవరు ఉడకబెట్టారన్నది ముఖ్యం కాదు, పిక్క ఏమైందన్నదే ముఖ్యం. వాక్యం పిక్కతో మొదలు కావడానికి కారణం అదే.

తొమ్మిది అంచెలకూ తొమ్మిది క్రియలు: స్టీమ్డ్, కూల్డ్, కట్, డ్రైడ్, పీల్డ్, గ్రేడెడ్, వేయ్డ్, ప్యాక్డ్, సోల్డ్. వీటిలో "కట్", "సోల్డ్" దారి వేరు, మిగతా ఏడింటి చివర ఒకే రెండక్షరాలు. రాతలో ఒకటే అయినా పలకడంలో మూడు రకాలు. "స్టీమ్డ్"లో చివర డకారం, "ప్యాక్డ్" అని రాసినా నోట "ప్యాక్ట్" అనే పలకాలి, "గ్రేడెడ్"లో మాత్రం "ఇడ్" అని ఇంకో అచ్చు చేరుతుంది. మన పిల్లలు అన్నిటినీ "ప్యాకెడ్, స్టీమెడ్, పీలెడ్" అని సాగదీస్తారు. ఆడియో నిమిషం పెట్టమన్నది ఇందుకే. తాను పలికింది ఫోనులో విని, ఆన్‌లైన్ నిఘంటువులో స్పీకర్ బొమ్మ నొక్కి ఆ మాట విని, మళ్ళీ రికార్డు చేసుకుంటే, టీచరు ఇరవైసార్లు దిద్దినా దారికి రాని ఉచ్చారణ మూడో రికార్డింగుకే దారిలో పడుతుంది. తన గొంతు తాను వినడంలో ఆ బలం ఉంది.

గ్రేడుల జట్టుకి లెక్కలు కూడా కలిసొస్తాయి. పప్పు డబ్బాల మీద డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే తెల్ల గుండు పప్పు, అంకె ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుంది. అంకె పెరిగినకొద్దీ పప్పు చిన్నది. "ది హయ్యర్ ది నంబర్, ది స్మాలర్ ది నట్" అన్న వాక్యం ఈ డబ్బా చేతిలో పెట్టుకుని నేర్చుకున్న పిల్లకు జన్మలో మరిచిపోయే వీలుండదు. 80 కిలోల బస్తా పిక్కలకు ఎన్ని కిలోల పప్పు దిగుతుందో ఆ షెడ్డులోనే అడిగి కనుక్కోవాలి. ఏ వెబ్‌సైటులోనో ఉన్న సగటు అంకె ఈ పేజీకి వద్దు.

అడగడం తెలుగులోనే. ఇక్కడ చాలామంది ఇంగ్లీషు టీచర్లకు గుండె పీచుపీచుమంటుంది, ఇంగ్లీషు ప్రాజెక్టులో తెలుగేమిటని. పిక్కలు కొట్టే అప్పను (అక్కను) ఇంగ్లీషులో అడిగితే ఆమె ఏం చెబుతుంది? "అప్పా, ఉడకబెట్టిన పిక్కల్ని వెంటనే కొట్టరేటి? ఎంతసేపు ఆగాల?" అని అడిగితేనే విషయం వస్తుంది. చేతులకు పెంకులోని జీడి రసం అంటకుండా ఏం రాసుకుంటారో, అంటితే ఏమవుతుందో ఆమె చేతులు చూపించి మరీ చెబుతుంది. ఆ చెప్పింది చెప్పినట్టు, "ఏటి", "సేత్తాం"తో సహా, నోటుబుక్కులో తెలుగులో రాసుకోవాలి. ఇంగ్లీషు ఆ తరవాత. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో మూడో మనిషికి చెప్పడం, రేపు బ్యాంకులో, ఆసుపత్రిలో, కంపెనీలో ఈ పిల్లలు రోజూ చేయవలసిన పని అదే.

వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర అనే గిరిజన భాషను నేర్చుకున్నది ఇదే దారిలో. దానికి అప్పటికి పుస్తకాల్లేవు. మాట్లాడేవాళ్ళ నోట విన్నారు, రాసుకున్నారు. 1931లో ఆ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణ పుస్తకం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఈ జిల్లా గడ్డ మీద విని రాసుకునే ప్రాజెక్టు కొత్త సంగతేం కాదని టీచర్లు పిల్లలకు చెప్పవచ్చు.

పీరియడ్ల లెక్కకు వద్దాం. వారానికి మూడు చొప్పున ఆరు వారాలు, 18 పీరియడ్లు చాలు. ప్రశ్నలు తయారుచేయడానికి రెండు. నమూనాలు చదవడానికి మూడు. తెచ్చిన నోట్సు క్లాసులో ఒకరికొకరు చెప్పుకుని ఖాళీలు పట్టుకోవడానికి మూడు. మొదటి ప్రతి రాయడానికి నాలుగు, దిద్దుకోవడానికి మూడు, రికార్డింగుకి రెండు, పేజీ పెట్టడానికి ఒకటి. షెడ్డుకి వెళ్ళడం ఆదివారం పని, లేదా ఇంట్లోవాళ్ళనే అడగడం. అన్నిటికన్నా ఎక్కువ టైము రాతకు పోయింది, కంప్యూటరుకి తక్కువ పోయింది, గమనించండి. స్కూల్లో పనిచేసే కంప్యూటర్లు ఐదే ఉన్నా, మధ్యాహ్నం కరెంటు పోయినా ఈ ప్రాజెక్టు ఆగదు. నెట్ అవసరమైన పీరియడ్లు ఐదారుకి మించవు.

నమూనాల దగ్గర ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. జీడిపప్పు మీద పిల్లలు రాయబోతుంటే చదవడానికి జీడిపప్పు వ్యాసం ఇవ్వకండి. తేయాకో, కాఫీయో, చాక్లెట్టో ఎలా తయారవుతుందో చెప్పే చిన్న వ్యాసాలు రెండు ఇవ్వండి. అప్పుడు విషయం కాపీ చేయడానికి కుదరదు, వాక్యాల అల్లిక మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. "ఆఫ్టర్ దే ఆర్ డ్రైడ్", "బిఫోర్ ఇట్ ఈజ్ ప్యాక్డ్", "సో దట్ ఇట్ డజ్ నాట్ బ్రేక్" లాంటి ముక్కల్ని రంగు పెన్నుతో గీయించి, తమ అంచెకి ఏది పనికొస్తుందో ఏరుకోమనండి. సులువు ఇంగ్లీషులో రాసే సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియా 2001 నుంచీ ఉంది, ముందు అక్కడ చూడండి. నెట్ నమ్మలేని ఊళ్ళో కివిక్స్ అనే ఉచిత యాప్‌లో ఆ వికీపీడియా మొత్తాన్నీ ఒకసారి దింపుకుంటే తరవాత నెట్ లేకుండానే చదువుకోవచ్చు. ఒక పాఠం పిల్లల స్థాయిదో కాదో తేల్చడానికి, అందులో 100 మాటలు లెక్కపెట్టి తెలియనివి గీయించండి. చదువు మీద పరిశోధించిన పాల్ నేషన్ వంటివాళ్ళు, సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే 100కి 98 మాటలు తెలిసి ఉండాలంటారు. రెండు తెలియకపోతే ఫర్వాలేదు, ఐదారు తెలియకపోతే టీచరు పక్కన ఉండాలి, పది దాటితే ఆ లింకు తీసేయాలి. ఎంత అందమైన పేజీ అయినా సరే.

మొదటి ప్రతి క్లాసులో, కాగితం మీద, చేత్తో. ఈ నియమం మీద ఏ బేరమూ వద్దు. ఇంటికి పంపితే ఫోనులో అనువాదం చేసుకొస్తారు. అలాగని అనువాద యంత్రాన్ని నిషేధించి లాభం లేదు, దాని లోపలేముందో చూపించడం మేలు. "పిక్క" అని తెలుగులో కొట్టి ఏ మాట వస్తుందో చూడమనండి. జీడి పిక్క, చింత పిక్క, కాలి పిక్క, వీటి మధ్య తేడా పిల్లలకు తెలుసు, యంత్రానికి ప్రతిసారీ తెలియదు. వచ్చిన ఇంగ్లీషు మాటను తిరిగి తెలుగులోకి మార్చి చూస్తే బండారం బయటపడుతుంది. చాట్‌బాట్‌కి కూడా ఒక పని ఉంది, ఆఖరి వారంలో. జీడిపప్పు ఎలా తయారవుతుందో దాన్ని అడిగి, వచ్చిన జవాబులో "మా షెడ్డులో ఇలా కాదు" అనదగ్గ విషయాలు మూడు పట్టమనండి. ఆ మూడింటినీ ఇంగ్లీషులో రాయాలి. అంత సొగసైన ఇంగ్లీషును తన నోట్సు పట్టుకుని తప్పుపట్టగలిగిన పిల్లకు ఇంగ్లీషంటే బెదురు సగం పోతుంది. ఇది నేను చాలా బలంగా నమ్మే సంగతి.

దిద్దడంలో టీచర్లు చేసే పొరపాటు, మొదటి ప్రతి మీదే ఎర్ర సిరా గుమ్మరించడం. 120 మాటల్లో 40 చోట్ల గీత పడితే పిల్లవాడికి ఏది ముఖ్యమో తెలియదు, టీచరు రాసిచ్చింది ఎత్తి రాస్తాడు, అంతే. ఒక విడతకు ఒకటే చూడండి. మొదట క్రియ సరిగ్గా ఉందా. రెండో విడత "ఎ", "ది"లు: కొత్తగా వచ్చిన మనిషి "ఎ వర్కర్", రెండోసారి వచ్చేసరికి "ది వర్కర్". తెలుగులో ఈ ముక్కలు లేవు కనుక ఇవి చెవికి ఎక్కడానికి ఏళ్ళు పడుతుంది, కోప్పడి లాభం లేదు. మూడో విడత స్పెల్లింగు, అది జట్లు ఒకరిది ఒకరు దిద్దుకోవచ్చు. టైపు చేసేది గూగుల్ డాక్స్‌లో అయితే వెర్షన్ హిస్టరీలో ఎవరి రాత ఎప్పుడు ఎలా మారిందో కనబడుతుంది. 120 మాటలూ ఒకే క్షణంలో ఊడిపడ్డాయంటే ఎక్కడినుంచో వచ్చాయన్నమాట. చేత్తో రాసిన ప్రతి పక్కన పెడితే సంగతి తేలిపోతుంది.

మార్కులు కూడా దీనికి తగ్గట్టు ఉండాలి. 20 మార్కులైతే తెలుగు నోట్సుకి 6, మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య వచ్చిన మార్పుకి 6, "ఎందుకు చల్లారుస్తారు?" లాంటి రెండు మూడు ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పినందుకు 4, చివరి పేజీకి 4. చివరి పేజీకి అంత తక్కువేమిటంటే, అది నలుగురి చేతులూ టీచరు చెయ్యీ పడి మెరుగెక్కిన పేజీ. ఒక్కో పిల్ల ఎంత నేర్చుకుందో అందులో కనబడదు.

పేజీ పెట్టడం చిన్న పనే. గూగుల్ సైట్స్ చాలు, ఖాతా టీచరుదే ఉండాలి. ఫోను ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది, వెడల్పు 1024 పిక్సెళ్ళకు తగ్గిస్తే సుమారు 200 కేబీకి దిగుతుంది. ఆడియో 64 కేబీపీఎస్ నాణ్యతలో పెడితే నిమిషానికి 480 కేబీ. మొత్తం 18 ఫొటోలు, తొమ్మిది ఆడియోలు కలిపి ఎనిమిది ఎంబీ కూడా దాటవు. ఊళ్ళో అంతంతమాత్రం సిగ్నల్‌కి కూడా తెరుచుకుంటుంది. పిల్లల పేర్లూ ముఖాలూ పేజీలో వద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది, చట్టం లేకపోయినా ఆ జాగ్రత్త మన బాధ్యతే. షెడ్డు యజమాని అనుమతి ముందే అడగాలి. ఇంకొకటి, దీన్ని తరచు మరిచిపోతారు: ఫలానా ఆమెకు కిలోకి ఇంత కూలి అని రాయకూడదు. పిల్లలకు అది ఒక వాక్యం, ఆమెకు అది మర్నాడు పని ఉంటుందా లేదా అన్న సంగతి.

దీన్నంతా వికీపీడియాలో పెట్టొచ్చు కదా అని కొందరు ఉత్సాహపడతారు. ఊళ్ళో విని రాసింది అక్కడ నిలవదు. ముందే అచ్చయిన ఆధారం చూపించాలని దాని నియమం. పిల్లలు ఆశగా పెట్టింది మర్నాటికి తీసేస్తే వాళ్ళ మనసు విరిగిపోతుంది.

మరి చదివేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు లేని ప్రాజెక్టు సగంలో చచ్చిపోతుంది. టీచరు ఒక్కరే పాఠకులైతే అది మామూలు హోంవర్కే. తేలికైన దారి, ఇంకో ఊరి క్లాసుతో జత కట్టడం. విజయనగరం జిల్లా వైపు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అక్కడి పిల్లలు వీణ పేజీ చేస్తే, ఇక్కడి పిల్లలు జీడి పేజీ చేస్తారు. పేజీ చదివి ఒక్కో జట్టు ఐదు ప్రశ్నలు ఇంగ్లీషులో పంపాలి. "వై యూ ఆర్ యూజింగ్ జాక్‌ఫ్రూట్ వుడ్?" అని పంపితే అవతలి క్లాసు "వై డు యూ యూజ్" అని సరిచేసి మరీ జవాబిస్తుంది. సాటి పిల్లలు దిద్దితే సిగ్గుపడరు, గుర్తుపెట్టుకుంటారు. అవతలివాళ్ళకు నిజంగా తెలియనిది అడుగుతున్నాం కనుక జవాబు కోసం ఎదురుచూస్తారు కూడా.

తీరం ఊళ్ళలో ఇలాంటి ప్రాజెక్టుకి తుపాను హెచ్చరికలు బాగా పనికొస్తాయి. భారత వాతావరణ శాఖ బులెటిన్లు ఇంగ్లీషులో నెట్‌లో ఉంటాయి, కళింగపట్నం పోర్టులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు మత్స్యకారుల పిల్లలకు నోటికొచ్చు. గాలి గంటకు 62 నుంచి 88 కిలోమీటర్లుంటే తుపాను, 89 నుంచి 117 అయితే తీవ్ర తుపాను. "లైక్లీ టు", "వెరీ లైక్లీ టు" అన్న మాటల బరువు తేడా అక్కడ నేర్పినట్టు ఇంకెక్కడా నేర్పలేం. ఒకటే షరతు, పాత బులెటిన్లే వాడాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ సరిపోతుంది, కొబ్బరీ జీడీ తోటలు కూలిన ఆ రాత్రి గురించి ఇంటింటా చెబుతారు. ఇప్పుడు నడుస్తున్న తుపాను మీద పిల్లల చేత పేజీ పెట్టించొద్దు. ఒక్క అంకె తారుమారైతే వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది.

సిలబస్ ఎప్పుడు పూర్తిచేస్తాం అన్నది న్యాయమైన అభ్యంతరమే. 18 పీరియడ్లు తక్కువేం కాదు. అయితే పదో తరగతి పరీక్షలో అడిగే పాసివ్ వాయిస్, పట్టికను చూసి పేరా రాయడం, ఉత్తరం, ఈ మూడూ జీడి ప్రాజెక్టులోనే ఉన్నాయి, యజమానికి అనుమతి కోరుతూ రాసేది ఉత్తరమే కదా. ఆ పాఠాలకు విడిగా పెట్టే పీరియడ్లు ఇందులో కలిపేయాలి. ఏడాదికి ఒక్క ప్రాజెక్టు చాలు, టర్ముకి ఒకటి పెట్టుకుంటే మూడోది తప్పకుండా మొక్కుబడిగా తయారవుతుంది. ఇంకో అభ్యంతరం, చురుకైన పిల్ల ఒక్కతే రాసేస్తుంది, మిగతా ముగ్గురూ కూర్చుంటారని. అది నిజం. అందుకే నోటి ప్రశ్నలు జట్టులో ఎవర్ని అడుగుతారో ముందు చెప్పకూడదు, ఆడియోలో నలుగురి గొంతులూ పదిహేనేసి సెకన్లు వినబడాలి.

పేజీ పెట్టాక ఒక ప్రింటు తీసి, ఎవర్ని అడిగి రాశారో వాళ్ళకే తీసుకెళ్ళి, ఇంగ్లీషు వాక్యం చదివి దాని అర్థం తెలుగులో చెప్పాలి. "అలాక్కాదు, పొట్టు తీశాకే గ్రేడు, ముందు కాదు" అని ఆ అప్ప అంటే, "బిఫోర్" కొట్టేసి "ఆఫ్టర్" రాసుకుని రావాలి. పేజీ అడుగున తేదీ వేయాలి. పిక్కల ధర, బస్తాకి దిగుబడి ఏడాదికేడాది మారతాయి కనుక, వచ్చే ఏడు తొమ్మిదో తరగతిలోకి వచ్చే పిల్లలకు మొదటి వారం పని సిద్ధంగా ఉంటుంది: మార్చి-మే సీజన్ కొత్త అంకెలు అడిగి, పాత వాక్యాన్ని చెరపకుండా దాని కింద "దిస్ ఇయర్, ఇట్ ఈజ్" అని మొదలయ్యే వాక్యం ఒకటి చేర్చడం.